బయటి సంచులు

ఎంత చెప్పినా రావమ్మ కుర్చీలో కూర్చోలేదు. "బస్సులో కూర్చునే వచ్చాను లేమ్మా" అంటూ గోడవారనే నిలబడింది. ఆవిడ చీర అంచుకి వరి నూగు పట్టి ఉంది. బెంజ్ సర్కిల్ పక్కన మూడో అంతస్తులో, ఏసీ చల్లదనంలో, ఆ నూగు వాసన అనఘకి కొత్తగా తోచింది. ఆ ఆఫీసులో పొద్దస్తమానం ధాన్యం గురించే మాట్లాడతారు గానీ ధాన్యం వాసన లిఫ్టెక్కి పైకి రావడం అదే మొదటిసారి.

"మా వేములదిన్నెకి సంచులెందుకు రాలేదో కనుక్కుందామని వచ్చానమ్మా. మిల్లులో అడిగితే మీ పేరే చెప్పారు. మిషన్ పెట్టి కోయించేశాం. వడ్లు రోడ్డు మీద ఆరబోశాం. టీవీ పెడితే వాయుగుండం అంటున్నారు. ఊళ్లో చూస్తే సంచి లేదు."

"మీ సొంత పొలమాండీ?"

"కౌలు చేనమ్మా. వడ్లు తడిసి మొలకొచ్చాయనుకో, కౌలు ఇచ్చుకోలేం. ఇచ్చుకోలేకపోతే వచ్చే ఏడు ఆ చేను ఇంకోళ్లకి పోద్ది. అందుకని పరిగెత్తుకొచ్చాను."

అనఘ కంప్యూటర్ తెరని ఆవిడవైపు తిప్పింది. 'పునర్వి' అనే ఆ కంపెనీ చేసేదల్లా గోనె సంచుల్ని తిప్పడం. మిల్లు నుంచి ఊరికి ఖాళీగా, ఊరి నుంచి మిల్లుకి నిండుగా, మళ్లీ ఖాళీగా. ఒక్కో సంచీ బతికినన్నాళ్లూ తిరగాలి, చిరిగి పీలికలయ్యాక నారగా మారి చాపయి మళ్లీ పుట్టాలి. వినడానికి పురాణంలా ఉంటుంది. ప్రతి సంచికీ ఒక నీలం గుడ్డ లేబులు, దాని మీద గళ్లగళ్ల గుర్తు. మిల్లు గోడౌన్‌లో బెల్టు మీద సంచులు పోతుంటే పైనున్న కెమెరా ఆ గుర్తుని చదువుతుంది. ఏ ఊరు ఎన్ని తీసుకుంది, ఎన్ని తిరిగి పంపింది, ఏ ఊరికి ఎప్పుడెన్ని కావాలి అన్నీ లెక్కగట్టే ప్రోగ్రాం అనఘ రాసినదే. ఊళ్లకి రంగులు వేసింది కూడా అనఘే. పచ్చ ఊళ్లకి ముందు, పసుపు ఊళ్లకి తర్వాత, ఎర్ర ఊళ్లకి మిగిలితే.

"మీ ఊరికి పంపిన వాటిలో సగానికి పైగా వెనక్కి రాలేదండీ. అందుకని వేములదిన్నె ఎరుపులోకి వెళ్లిపోయింది."

రావమ్మ తెరవైపు చూసింది. ఊరి పేరు గుర్తుపట్టి ముట్టుకోబోయి, మళ్లీ వేలు వెనక్కి తీసుకుంది.

"ఎరుపంటే? మేం దొంగలమనా అమ్మా?"

"అలాగని కాదండీ..."

"కాక మరింకేంటి? సంచి లేకుండా వడ్లు మిల్లుకెట్లా వచ్చాయి? చీరకొంగులో పోసి పంపామా?"

అనఘ తెరని మళ్లీ తనవైపు తిప్పుకుంది. "నేను చూస్తానండీ" అంది. ఆఫీసుల్లో వెయ్యిమంది వెయ్యిసార్లు చెప్పే మాట అది. రావమ్మకీ ఆ సంగతి తెలిసే ఉంటుంది. కానీ ఆవిడ దాన్ని నిజంగానే నమ్మినట్టు చేతులు జోడించి వెళ్లిపోయింది. తిట్టిపోసి ఉంటే అనఘ ప్రాణానికి హాయిగా ఉండేది.

*

చీరకొంగు మాట పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అనఘని వదల్లేదు. మిల్లు వేబ్రిడ్జి తూకాలు ఎప్పుడూ ఆమె చూసేవి కావు. అవి మిల్లు వాళ్ల లెక్క. సంచులు మాత్రమే కంపెనీ లెక్క. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. ఆమెకీ తోచలేదు. ఇప్పుడు తూకాలు తెప్పించి పక్కన పెట్టింది. వేములదిన్నె నుంచి మిల్లుకి ధాన్యం పూర్తిగా వచ్చింది. కెమెరా చదివిన సంచుల్లో అందులో సగం కూడా పట్టదు.

ఉదయభాస్కర్ ఆమెకి పైఅధికారి. మనిషి చెడ్డవాడు కాదు. సోమవారం హైదరాబాదు నుంచి డైరెక్టరు గారు వీడియోలో కూర్చుంటారు, మిల్లు యజమానులూ ఉంటారు, ఆయన ప్రాణమంతా ఆ సోమవారం మీదే ఉంది.

"ఇందులో వింతేముంది అనఘా? మన సంచులు అమ్ముకుని, బయట పాతసంచులు కొని వాటిలో నింపి పంపారు. అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం."

"అలాగే జరిగిందని మనకి తెలీదు కదా సర్."

"జరగలేదనీ తెలీదు. రూలు రాసింది నువ్వు. ఒక ఊరికి సడలిస్తే రేపు మిగతా ఊళ్లన్నీ ఇక్కడికే బస్సులు కట్టుకుని వస్తాయి. వచ్చే నెల తీరిగ్గా చూద్దాం."

వచ్చే నెల! వాయుగుండం తీరిగ్గా వచ్చే నెలదాకా బందరు తీరంలో కూర్చుంటుందన్నట్టే చెప్పాడాయన. అనఘ వచ్చేసింది. ఇంటికి వెళ్లేసరికి తల్లి త్రిపురసుందరి డాబా మీద ఆరీ ఆరని బట్టలు తీసి వసారాలో దండేనికి వేస్తోంది. "తూర్పున మబ్బు పట్టిందే, రేపు ఉతకొద్దని చెప్పాను" అంది. ఆ తడిబట్టల్ని చూస్తూ నిలబడిన కూతురి మొహం ఎందుకలా పాలిపోయిందో ఆవిడకి అర్థం కాలేదు.

*

మర్నాడు పొద్దున్నే అనఘ కంపెనీ లారీ ఎక్కింది. డ్రైవర్ సురేష్ ఒక పచ్చ ఊరికి సంచులు దింపి, దారిలో ఆమెని వేములదిన్నెలో దించుతానన్నాడు. కంకిపాడు దాటిన దగ్గర్నుంచీ రోడ్డుకి ఒకపక్కంతా వడ్లే. అంచున రాళ్లు పేర్చి, పక్కన బరకాలు మడతపెట్టి ఉంచారు. ఆడవాళ్లు కాళ్లతో వడ్లని దున్నుకుంటూ నడుస్తున్నారు. ఎండ ఉంది గానీ అందులో వేడి లేదు.

పచ్చ ఊళ్లో సంచులు దించేటప్పుడు వెనక్కి ఇచ్చే కట్టలు చూసింది అనఘ. చిరిగినవన్నీ చిరిగినట్టే కట్టగట్టి ఇచ్చేశారు. కొన్నింటికి బెత్తెడు చిరుగు కూడా లేదు.

"ఇవి కుట్టి వాడొచ్చుగా?" అంది సురేష్‌తో.

"ఎవడికి పట్టింది మేడం? ఇచ్చేస్తే లెక్కలో పడతాయి. తర్వాత మిషన్లో వేసి నార చేస్తారు. వీళ్లకి పేరుకి పేరు, రంగుకి రంగు."

వేములదిన్నె కూచిపూడి దాటాక కాలవగట్టు మీద ఉంది. లారీలో తమకి ఒక్క సంచీ లేదని తెలిసి ఎదురొచ్చినవాళ్లు ఆగిపోయారు. ఎవరూ అరవలేదు. రావమ్మ మాత్రం "వచ్చావా తల్లీ!" అంటూ చెయ్యి పట్టుకుని చర్చి పక్క అరుగు దగ్గరికి తీసుకెళ్లింది. ఊళ్లో మిగిలిన పది పాతసంచులు అక్కడున్నాయి. శౌరమ్మ వాటికి మాసికలు వేస్తోంది.

శౌరమ్మ ఊరందరి సంచులూ కుడుతుంది. ఇచ్చేది డబ్బులో వడ్లో, ఎవరికి వీలైంది వాళ్లు. కాళ్లు బారచాపుకుని, ఒళ్లో సంచి పరుచుకుని, చిరుగు మీద గోనెముక్క పెట్టి, దబ్బనంలో పురికొస ఎక్కించి చుట్టూ కుట్టుకొచ్చింది. కొసని పంటితో కొరికింది. ఆ తర్వాత మోచేతిదాకా సంచిలోకి చెయ్యి దూర్చి, అడుగు మూలలు రెండూ పట్టుకుని ఒక్క లాగు లాగింది. సంచి మొత్తం తిరగబడింది. మాసిక లోపలికి పోయింది. దాని పక్కనున్న నీలం లేబులు కూడా లోపలికి పోయింది.

అనఘ ముందుకి వంగింది.

"అదేంటి, తిరగేశారేం?"

"మాసిక లోపలుండాలి గదమ్మా!" శౌరమ్మ నవ్వింది. "పైనుంటే హమాలీల కొక్కేనికి తగులుకుని పీక్కుపోద్ది. లోపలుంటే వడ్ల బరువుకి అదే అదుముకుని కూర్చుంటది. మా అత్త కాణ్ణుంచీ ఇంతే."

"అన్నీ ఇలాగే తిరగేసి పంపుతారా?"

"చిరిగినియ్యన్నీ. మాకొచ్చేవి చిరిగినియ్యే ఎక్కువ గదా ఇప్పుడు."

నిజమే. ఎర్ర ఊరికి మిగిలిన సంచులే వస్తాయి. మిగిలేవి చిరిగినవే. చిరిగితే కుడతారు, కుడితే తిరగేస్తారు, తిరగేస్తే కెమెరాకి లేబులు కనిపించదు, కనిపించకపోతే ఊరు మరింత ఎర్రబడుతుంది. కొమ్ములు తిరిగిన లెక్కలన్నీ వేసి తీరా చూస్తే వడ్లగింజలో బియ్యపుగింజ. సంచిని చించి పారేసిన ఊరికి పచ్చరంగు, కుట్టి బతికించిన ఊరికి దొంగపేరు. అనఘకి సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు భయమేసింది, తన ప్రోగ్రాం ఇంకా ఎన్ని ఊళ్లని ఇలా ముంచిందోనని.

రావమ్మకి మొదటినుంచీ చెప్పింది. విడమరిచి, దాపరికం లేకుండా చెప్పింది.

"ఆ నీలంగుడ్డ విప్పి పైకి కుట్టి ఉంటే సరిపోయేదా?" అంది రావమ్మ.

"విప్పితే జరిమానా అని దాని మీదే రాసి ఉంది గదండీ రావమ్మగారూ. మా అమ్మాయి బ్లెస్సీ చదివి చెప్పింది" అంది శౌరమ్మ. ఆ జరిమానా వాక్యం కూడా అనఘ రాసిందే.

రావమ్మ ఆకాశంకేసి చూసింది. తర్వాత అనఘకేసి చూసింది. "అయితే, మేం పంపిన సంచులు ఎక్కడో ఒకచోట ఉండాలి గదమ్మా?"

*

ఉన్నాయి. ఉయ్యూరు మిల్లు గోడౌన్‌లో, వెనక గోడకి ఆనించి, మనిషెత్తు గుట్టగా ఉన్నాయి. గోడౌన్ చూసుకునే రామకోటేశ్వరరావు గారు కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, "అవి మనవి కాదండీ. బయటి సంచులు. లేబులు లేనివాటిని పక్కన పడెయ్యమన్నారు. సోమవారం తుక్కువాడొచ్చి తోలుకుపోతాడు" అన్నారు.

అనఘ ఒక సంచి తీసి, మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు మూలలు పట్టుకుని లాగింది. శౌరమ్మ ఒక్క లాగుకి చేసిన పని ఆమెకి మూడు లాగులైంది. పీచు గుచ్చుకుని ముంజేతి మీద ఎర్రటి గీతలు పడ్డాయి. నీలం లేబులు బయటపడింది. రామకోటేశ్వరరావు గారు కళ్లజోడు దించుకుని దాన్ని చూశారు, గుట్టని చూశారు. "రామ రామ" అని పక్కనే ఉన్న బస్తా మీద కూలబడ్డారు.

అనఘ ఉదయభాస్కర్‌కి ఫోన్ చేసింది.

"శభాష్! గొప్పగా పట్టుకున్నావ్" అన్నాడాయన, మనస్ఫూర్తిగానే. "సోమవారం మీటింగ్ అయిపోగానే మనుషుల్ని పెట్టి అన్నీ తిప్పించి స్కాన్ చేయిద్దాం. ఊరి రంగు మార్చేద్దాం."

"వాన రేపే అంటున్నారు సర్. ఇవాళే పంపాలి."

"లేబులు చదవకుండా గేటు ఎలా తెరుచుకుంటుంది?"

"నా పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది."

"అనఘా, అలా పంపితే అవన్నీ నీ పేరు మీద పడతాయి. తిరిగి రానివాటి లిస్టు సోమవారం తెర మీదకి దానంతటదే వస్తుంది, నేను ఆపలేను. మరి నీ ఇష్టం."

నీ ఇష్టం అన్నాడే గానీ వద్దు అనలేదు. రేపు ఎవరైనా అడిగితే రెండు రకాలుగానూ చెప్పుకోవడానికి పనికొచ్చే మాట అది.

ముందు అనఘ, సురేష్, ఇద్దరు హమాలీలు కలిసి సంచుల్ని తిప్పి స్కాన్ చేద్దామని చూశారు. ఎంత తిప్పినా గుట్ట గుట్టలాగే ఉంది. తలుపులోంచి చల్లటి తూర్పుగాలి విసిరింది. గోనెదుమ్ము లేచి లైటు చుట్టూ తిరిగింది. వీటన్నిటినీ తిప్పేసరికి వేములదిన్నెలో మొలకలు కోసుకోవచ్చు. అనఘ లేచి గేటు దగ్గరున్న మిషన్లో తన పేరు కొట్టింది. ఒకసారి తప్పు పడింది. రెండోసారి పచ్చలైటు వెలిగింది.

"ఎత్తండి" అంది సురేష్‌తో.

*

లారీ కాలవగట్టు ఎక్కేసరికి పొద్దు గూట్లో పడుతోంది. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఎవరి సంచి ఎవరికని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కట్టలు కిందపడగానే దొరికిన వాళ్లు దొరికినట్టు పట్టుకుపోయారు. మగవాళ్లు చెక్కపారలతో కుప్పలు చేస్తుంటే ఆడవాళ్లు చేటలతో ఎత్తిపోశారు. శౌరమ్మ దబ్బనం పట్టుకుని మూతులు కుట్టుకుంటూ వరసగా పోతోంది. అనఘకి సంచిమూతి పట్టుకునే పని దొరికింది. మొదట్లో సగం వడ్లు ఆమె కాళ్లమీదే పడ్డాయి.

"మోకాలు అడ్డం పెట్టి పట్టుకో అమ్మాయ్! ఆ, అట్లాగ" అంది రావమ్మ. ఆవిడ ముందు తన వడ్ల జోలికి పోలేదు. రోడ్డు పల్లంగా ఉన్నచోట వేరేవాళ్ల కుప్పలున్నాయి. నీళ్లు ముందు నిలిచేది అక్కడే. అవి ఎత్తించాకే తన కుప్ప దగ్గరికి వచ్చింది.

సురేష్ ఒక నిండు బస్తాని భుజం మీదికి ఎత్తుకుంటూ ఆగాడు. "మేడం, లేబుళ్లన్నీ మళ్లీ లోపలే ఉన్నాయి. రేపు మిల్లుకెళ్తే కెమెరా చదవదు. మీ లెక్కలో వీళ్లు మళ్లీ దొంగలే. ఈసారి వీళ్లతోపాటు మీరూనూ."

"తెలుసు సురేష్" అంది అనఘ. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలి? తప్పు చేసి పోగొట్టుకున్నానని చెప్పాలా, తప్పు దిద్ది పోగొట్టుకున్నానని చెప్పాలా? ఈ రెంటికీ తేడా చూసే తెర ఏదీ ఆమె తయారు చెయ్యలేదు. సంచిమూతి మళ్లీ పట్టుకుంది.

తొలి చినుకులు పడేసరికి రావమ్మ కుప్ప చివర ఇంకా కాస్త మిగిలింది. బరకం కప్పబోతే గాలి దాన్ని ఎగరగొట్టింది. రావమ్మ దాని మీద రాళ్లు పెట్టి, కొంగు నెత్తిన వేసుకుంది. పక్కనే వరసగా నిలబెట్టిన బస్తాల్ని అరచేత్తో ఒక్కొక్కదాన్నే తట్టుకుంటూ వెళ్లింది, పిల్లల్ని నిద్రపుచ్చుతున్నట్టు.

"పోనీలేమ్మా, ఆ కాసిని పిచ్చికలకి" అంది.

*

వాన శనివారమంతా కురిసింది, ఆదివారమంతా కురిసింది. సోమవారం పొద్దున కూడా బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. మీటింగ్ గదిలోకి వెళ్లబోతుంటే రావమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మా బస్తాలు మిల్లుకి చేరాయి. గుప్పెడు తీసి కొరికి చూసి, ఎండుగానే ఉన్నాయి, దించుకోండన్నారు. చేను ఉంటదమ్మా మాకు." కాస్త ఆగి అడిగింది. "నీకేం ఇబ్బంది రాలేదు గదా?"

"లేదండీ" అని అబద్ధమాడింది అనఘ.

గోడమీద పెద్ద తెర వెలిగింది. ఒక మూల హైదరాబాదు నుంచి డైరెక్టరు గారి మొహం, ఇంకో మూల మిల్లు యజమానులు. మధ్యలో ఊళ్ల పేర్లు, రంగులు. వేములదిన్నె ఎరుపు మునుపటికంటే చిక్కబడింది. దాని కింద, ఇంతవరకూ ఊళ్ల పేర్లు తప్ప మనిషి పేరు ఎక్కని ఆ లిస్టులో, అదే ఎర్ర అక్షరాల్లో, అనఘ పేరు ఉంది. ఆ ఎరుపు తనే ఎంచి పెట్టింది. దూరం నుంచి కూడా కళ్లకి కొట్టొచ్చినట్టు కనపడాలని అప్పట్లో రెండు మూడు ఎరుపులు మార్చి చూసి మరీ పెట్టింది.

"ఎవరీ అనఘ?" అన్నారు డైరెక్టరు గారు. "ఒక్క మనిషి మీద ఇన్ని సంచులా? ఎక్కడికి పోయాయవి?"

ఉదయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు. అందరూ అనఘవైపు తిరిగారు. తిరిగిన మొహాల్లో కోపం లేదు. నిర్ణయం అప్పుడే అయిపోయినట్టు ఒక నెమ్మది ఉంది. రంగు చూసుకున్నాక ఇక మనిషిని అడగడానికేముంది అనే నెమ్మది. నాలుగు రోజుల కింద ఇదే నెమ్మదితో తను రావమ్మ వైపు తెర తిప్పింది.

అనఘ లేచి నిలబడింది. వేములదిన్నె నుంచి తెచ్చి, మడతపెట్టి కుర్చీ పక్కన ఉంచుకున్న గోనెసంచి తీసి బల్ల మీద పెట్టింది. అద్దంలాంటి ఆ బల్ల మీద వరి నూగు రాలింది.

"కూర్చుని చెప్పమ్మా, ఫరవాలేదు" అన్నాడు ఉదయభాస్కర్ నెమ్మదిగా.

"నిలబడే చెప్తాను సర్" అంది అనఘ. "ముందు నేనొకటి అడుగుతాను. వేములదిన్నె వడ్లు పొద్దున మన మిల్లుకి చేరాయి. ఎండుగా చేరాయి. సంచి లేకుండా ఎలా వచ్చాయి సర్? చీరకొంగులో పోసి పంపారా?"

అనఘ సంచిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు మూలలు పట్టుకుంది.